రైలు పట్టాలో నలభై నిమిషాలు

2031 ఫిబ్రవరి 18, మంగళవారం, ఉదయం 11 గంటల 20 నిమిషాలకు విశాఖపట్నంలోని ఒక పరిశోధనశాలలో రైలు పట్టా ముక్క మోగింది. దాన్ని ఎవరూ కొట్టలేదు.

గదిలో ఇద్దరున్నారు. ఒకరు డాక్టర్ నజీమా, ఆ పరిశోధనశాల అధిపతి, వయసు యాభై ఆరు. రెండో మనిషి ఇప్పిలి గౌరి, టెక్నికల్ అసిస్టెంటు, వయసు ముప్ఫై మూడు. పట్టా ముక్క పొడవు డెబ్బై ఎనిమిది సెంటీమీటర్లు. రెండు నైలాను తాళ్ళకు నిలువుగా వేలాడుతోంది. దాని చుట్టూ, తగలకుండా, రాగితీగ చుట్ట ఉంది.

తొమ్మిది దెబ్బలు వినిపించాయి. తర్వాత ఆగిపోయింది.

"కరెంటు ఎంతుంది?" అంది నజీమా.

"నాలుగు పాయింటు రెండు, మేడం."

"అంతే మళ్ళీ పెట్టు."

పెట్టింది. ఏమీ మోగలేదు.

"కొంచెం పెంచు."

నాలుగు పాయింటు మూడు దగ్గర రెండు దెబ్బలు వినిపించాయి. మళ్ళీ పెడితే అవి కూడా రాలేదు. నజీమా కుర్చీ లాక్కుని పట్టాకి ఎదురుగా కూర్చుంది.

"తీసింది తీసినట్టు అయిపోతోంది. ఎన్ని ఉంటాయంటావు ఇందులో?"

"మా ఊరి బడి గంట మేడం అది. రోజుకి పదిసార్లు కొట్టేవారు."

ఇనుముని కొడితే అందులో రెండు అలలు పుడతాయి. ఒకటి అణువులు ఊగడం. చెవికి వినిపించేది అదే. రెండోది ఆ అణువుల్లోని అయస్కాంతాలు ఒకదాని వెంట ఒకటి తిరగడం. అది వినిపించదు. మామూలుగా ఈ రెండూ వేటి దారిన అవి పోతాయి. పక్కన తగినంత అయస్కాంత బలం ఉంటే వాటి వేగాలు ఒకటై, ఒక అల రెండోదిగా మారుతుంది. ఇంతవరకు అందరికీ తెలిసిందే. నజీమా పన్నెండేళ్ళుగా వెతుకుతున్నది దాని తర్వాతి సంగతి. ఒకేచోట ఏళ్ళ తరబడి దెబ్బలు తిన్న ఇనుములో ఆ రెండో అల పూర్తిగా పోకుండా పొరలు పొరలుగా నిలుస్తుందా, నిలిస్తే దాన్ని తిరిగి మొదటి అలగా, అంటే చప్పుడుగా, మార్చవచ్చా అన్నది ఆమె ప్రశ్న. దానికి, చోటు మార్చకుండా వేలాడదీసి ఒకే తీరున కొట్టిన ఇనుము కావాలి. కమ్మరి దాగలి పనికిరాలేదు, జరుపుతారు. వంతెన దూలం పనికిరాలేదు, ఎవరూ కొట్టరు.

"బడి గంట పనికొస్తుందా మేడం?" అని అడిగింది గౌరి, పట్టా ఇంకా ఇక్కడికి రాకముందు.

గంగరేగువలస ప్రాథమికోన్నత పాఠశాలలో ఆ పట్టా ముక్క 1986 నుంచి 2014 వరకు వెనక వరండాలో ఒకే కొక్కేనికి వేలాడింది. ఎలక్ట్రిక్ గంట వచ్చాక పాత బెంచీల గదిలో పడేశారు. గౌరి అక్కడ అయిదో తరగతి వరకు చదివింది. ఆమె తండ్రి ఇప్పిలి సన్యాసి ఆ బడిలో అటెండరు. 2009 వరకు ఆ గంట కొట్టింది అతనే.

2009లో అతన్ని ఉద్యోగం నుంచి తీసేశారు.

*

మార్చి 3న చదవడం మొదలుపెట్టారు. పైపొరలు ముందు వస్తాయి, అంటే చివర కొట్టిన గంట ముందు వస్తుంది. ఒక్కో గంటనీ రికార్డు చేసి, కొలిచి, కిందికి వెళ్ళాలి. చదివిన పొర ఉండదు.

రెండో వారానికి నజీమా ఇంకో సంగతి కనిపెట్టింది. దెబ్బ పడ్డాక ఇనుములోని అయస్కాంతాలు మెల్లగా జారుతూ ఉంటాయి. తర్వాతి దెబ్బ పడగానే ఆ జారడం అక్కడ ఆగి, దాని మీద కొత్త పొర వస్తుంది. ఎంత జారిందో కొలిస్తే రెండు గంటల మధ్య ఎంతసేపు గడిచిందో తెలుస్తుంది. పీరియడుకి నలభై నిమిషాలని బడి టైంటేబుల్‌లో ఉంది. పరికరం వందల పీరియడ్లకి నలభై చూపించింది. తేడా నిమిషంన్నరకి మించలేదు.

"శనివారాలు మాత్రం ఆఖరి పీరియడు ఇరవై రెండు నిమిషాలే వస్తోంది," అంది నజీమా. "పరికరంలో తప్పుందా?"

"లేదు మేడం. శనివారం సంత."

నజీమా నవ్వింది. పుస్తకంలో సంత అని రాసుకుంది.

2013 ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఎవరో ఒకే ఒక్క దెబ్బ కొట్టి వెళ్ళారు. 2012 జులైలో అయిదు రోజులు ఎవరో పట్టాని రాళ్ళతో కొట్టారు. 2011లో ఒక అటెండరు వచ్చాడు, అతని దెబ్బలన్నీ ఎడమ వైపు పడ్డాయి. ఎవరు ఎక్కడ, ఎంత బలంగా కొట్టారో కూడా పరికరం చెప్పగలిగింది.

ఏప్రిల్ మొదటి వారంలో గౌరి ఇంటి దగ్గర, కొమ్మాదిలో, తండ్రికి ఆ సంగతి చెప్పింది. సన్యాసికి డెబ్బై నాలుగేళ్ళు. వరండాలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్నాడు.

"మన బడి గంటే నాన్నా. ఎప్పుడు కొట్టిందీ, ఎవరు కొట్టిందీ అన్నీ చెప్తోంది."

"ఏటీ, ఇనుమే?"

"ఇనుమే."

"ఏ యేడాది దాకా ఎల్లినారు?"

"2011. వచ్చే నెలకి 2009 వచ్చేస్తుంది. నువ్వు టైముకే కొట్టావని తేలిపోతుంది నాన్నా."

సన్యాసి చిక్కుళ్ళ పళ్ళెం పక్కన పెట్టాడు.

"అక్కడితో ఆపీమను."

"ఎందుకు?"

"మీ మేడంగారికి ఏ వెయ్యో రెండు వేలో గంటలు కావాలి. దొరికినాయి కదా. నాది ఎందుకు తియ్యడం. నాను ఒప్పీసుకున్న తప్పు. కునుకు పట్టీసింది, గంట ఆలస్యం కొట్టినాను. కాగితం మీద ఏలిముద్ర కూడా ఏసినాను."

"నువ్వు బడిలో పడుకోవడం నేనెప్పుడూ చూడలేదు."

"నువ్వు హాస్టల్లో ఉన్నావు. నీకేటి తెలుస్తాది?"

*

2009 ఆగస్టు 6, గురువారం జరిగిందాన్ని గురించి విచారణ నివేదికలో ఇలా ఉంది.

ఊరికీ బడికీ మధ్య తుమ్మగెడ్డ అనే వాగు. గెడ్డ దాటడానికి ఎత్తులేని సిమెంటు చప్టా. పైన మూడు కిలోమీటర్ల దూరంలో రిజర్వాయరు. వానాకాలంలో పిల్లలు దాటేదాకా, అంటే సాయంత్రం 4 గంటల 45 నిమిషాలదాకా, గేట్లు ఎత్తకూడదని ఏర్పాటు. బడి విడిచేది 4 గంటల 15 నిమిషాలకు. చప్టా దగ్గరికి పావుగంట నడక. ఆ రోజు పిల్లలు దాటుతుండగా నీరు వచ్చింది. అందరూ దాటారు. ఆఖర్న వస్తున్న ఏడో తరగతి అమ్మాయి కోరాడ సత్యవతి, పన్నెండేళ్ళు, కొట్టుకుపోయింది.

గేటు రిజిస్టరులో గేట్లు ఎత్తింది 4 గంటల 45కి అని ఉంది, అక్కణ్ణించి నీరు చప్టాకి చేరడానికి పావుగంట. అందువల్ల బడి గంట అరగంట ఆలస్యమై ఉండాలని విచారణ అధికారి రాశారు. హెడ్మాస్టరు ఆ రోజు మండల కార్యాలయంలో మీటింగులో ఉన్నారు. ఉన్న ఒక్క ఉపాధ్యాయుడు, 3 గంటల 35 గంట తన వాచీ ప్రకారం సరిగ్గానే కొట్టారనీ, తర్వాత తాను బస్సుకి వెళ్ళాననీ చెప్పారు. ఊళ్ళో అడిగితే ఒక్కొక్కరు ఒక్కో టైము చెప్పారు. సన్యాసి తప్పు ఒప్పుకున్నాడు. కాబట్టి పిల్లల్ని విచారించే అవసరం రాలేదని నివేదిక చివర ఉంది.

ఆ తర్వాత బడి పదకొండు రోజులు తెరవలేదు.

*

మే 19న పరికరం 2009 ఆగస్టు 18 ఉదయం గంట చదివింది. దాని కింద ఖాళీ కనిపించింది. పదకొండు రోజుల పదిహేడు గంటలు.

"వచ్చేశాం," అంది నజీమా. "రేపు తీద్దాం."

ఆ సాయంత్రం గౌరి ఇంటికి వెళ్ళి తండ్రికి చెప్పింది. సన్యాసి లేచి వీధి తలుపు దగ్గరగా వేశాడు. తర్వాత చెప్పాడు.

ఆ రోజు ఉపాధ్యాయుడు గొడుగు మర్చిపోయి బస్సు స్టాపుకి వెళ్ళాడు. వాన పడుతోంది. సన్యాసి గొడుగు పట్టుకెళ్ళాడు. బస్సు రాలేదు. బస్సు వచ్చేదాకా గొడుగు పట్టుకుని నిలబడమన్నాడాయన. వెళ్ళేముందు సన్యాసి సత్యవతిని పిలిచి, పెద్దముల్లు మూడు మీదికి రాగానే లాంగు బెల్లు కొట్టమని చువ్వ ఇచ్చాడు. సాయంత్రం గంట పిల్లల చేత కొట్టించడం ఆ బడిలో అలవాటే. గంట కొట్టిన పిల్ల చువ్వని లోపల పెట్టి, హెడ్మాస్టరు గది గడియ వేసి, అందరికన్నా ఆఖర్న వెళ్ళాలి. వెనక వరండా కాబట్టి ఏ రోజు ఎవరు కొట్టిందీ తరగతుల్లోకి కనిపించదు.

"ఆయన బస్సు ఎక్కిపోనాక, స్టాపు కాడే ఇన్నాను గంట. బస్సు ఎంత లేటో నాకు తెల్దు. నా కాడ వాచీ లేదు. శానా సేపయినట్టు ఉండినాది. పిల్ల ఆటల్లో పడి మర్చిపోనాదేమో అనుకున్నాను. మర్నాడు ఆఫీసరుగారు వొచ్చి, గంట ఎవలు కొట్టినారని అడిగినారు. పిల్ల శవం ఇంకా దొరకలేదు. దాని పేరు సెప్పమంటావా?"

"చెప్పలేదు."

"సెప్పలేదు. ఇప్పుడు ఆ ఇనుము సెప్పీసిద్ది. అప్పయ్యమ్మకి ఏ మొకం పెట్టుకుని సెప్తావు, నీ కూతురే ఆలస్యంగా కొట్టిందని?"

కోరాడ అప్పయ్యమ్మ సత్యవతి తల్లి. గంగరేగువలసలోనే ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా సన్యాసి పేరెత్తితే తిడుతుంది.

మర్నాడు గౌరి పొర తియ్యలేదు. నజీమాతో జరిగిందంతా చెప్పింది. నజీమా కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నేను చదవమంటే అది నా కుతూహలం. నువ్వు చదవమంటే మీ నాన్న కోసం. ఎవరిని అడగాలో నీకు తెలుసు కదా."

"వద్దంటే?"

"అక్కడే ఆపేద్దాం. దాని కింద ఇంకా ఇరవై మూడేళ్ళ గంటలున్నాయి. అవీ ఉండిపోతాయి."

గౌరి మధ్యాహ్నం బస్సులో గంగరేగువలస వెళ్ళింది. అప్పయ్యమ్మ పెరట్లో పిడకలు పేరుస్తోంది. గౌరిని గుర్తుపట్టింది. కూర్చోమనలేదు.

"సన్నాసి కూతురివి. ఏటి పని?"

గౌరి నిలబడే చెప్పింది. పట్టా సంగతి, గొడుగు సంగతి, చువ్వ ఎవరికి ఇచ్చాడన్నది. చదివితే టైము తెలుస్తుందనీ, తెలిసింది ఎవరికీ నచ్చకపోవచ్చనీ చెప్పింది. చదివాక ఆ పొర ఇంక ఉండదని కూడా చెప్పింది.

అప్పయ్యమ్మ పిడకలు పేర్చడం ఆపలేదు. వరుస పూర్తయ్యాక చేతులు కడుక్కుంది.

"అంటే, నా పిల్ల కొట్టింది ఆ ఇనుములో ఉన్నాదా?"

"ఉంది పెద్దమ్మా."

"ఇనిపిస్తాదా?"

"ఒక్కసారి."

"మీ అయ్యని కూడా రమ్మను."

*

మే 21, బుధవారం, ఉదయం 10 గంటల 5 నిమిషాలకు ఆ పొర చదివారు. గదిలో నలుగురున్నారు. సన్యాసి తలుపు దగ్గర నిలబడ్డాడు. అప్పయ్యమ్మకి పట్టా ఎదురుగా కుర్చీ వేశారు. ఆమె కూర్చోలేదు.

గౌరి కరెంటు పెంచింది.

పట్టా మోగింది. దెబ్బలు దగ్గర దగ్గరగా పడ్డాయి. నజీమా వేళ్ళ మీద లెక్కపెట్టింది, పందొమ్మిది. పన్నెండో దెబ్బ తర్వాత ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలయ్యాయి.

"సెయ్యి మార్చుకున్నాది," అంది అప్పయ్యమ్మ. "చువ్వ బరువు కదేటి."

ఆమె పట్టాకి దగ్గరగా జరిగింది.

"మళ్ళీ ఇనిపించు."

గౌరి రికార్డు చేసిన దాన్ని స్పీకరులో పెట్టింది. అప్పయ్యమ్మ సగంలోనే చెయ్యి ఊపింది.

"ఇది డబ్బాలోది. ఆపీ."

నజీమా కొలతలు చూసింది. ఆ దెబ్బలు మామూలు దెబ్బల కన్నా పదకొండు సెంటీమీటర్లు కిందన పడ్డాయి. బలం దాదాపు సగం. తర్వాత ఆమె జారుడు లెక్క చూసింది. రెండోసారి చూసింది. గౌరిని చూడమంది. ముందు గంటకీ ఈ గంటకీ మధ్య నలభై నిమిషాల ఇరవై సెకన్లు. కింద పొర తీశారు. అది 3 గంటల 35 గంట, రెండు దెబ్బలు, ఎప్పుడూ పడేచోటే పడ్డాయి. సన్యాసి చెయ్యి.

"టైముకే కొట్టింది," అంది గౌరి. "నాలుగుంపావుకి."

"ఏటీ?" అన్నాడు సన్యాసి.

"నాన్నా, పిల్ల టైముకే కొట్టింది. ఆలస్యం కాలేదు."

"టైముకే కొట్టినాదా?"

"ఒకటీ అరా నిమిషం అటూ ఇటూ ఉంటుందేమో. అరగంట మాత్రం కాదు."

"అయితే నీరు?"

"గేట్లు ముందు ఎత్తారు," అంది నజీమా. "లెక్కలో అదొక్కటే మిగిలింది."

సన్యాసి తలుపు పక్కన గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు. అప్పయ్యమ్మ అతని వైపు తిరిగింది.

"అయితే నువ్వు అబద్ధం సెప్పినావు."

"పిల్ల పేరు బయటికి రాకూడదనమ్మా."

"ఎందుకు రాకూడదు? అది ఏం తప్పు సేసినాదని?"

అప్పయ్యమ్మ అతని వైపు ఒక అడుగు వేసింది.

"నా పిల్లకి గడియారం సూడ్డం రెండో తరగతిలోనే వొచ్చీసింది. ఈదిలో వోళ్ళందరికీ అదే టైము సెప్పేది. నీకు తెల్దా? తెలిసీ, అది మర్చిపోనాదనుకున్నావు. ఇరవై రెండేళ్ళు నీ మనసులో నా పిల్లే తప్పు సేసినాది. ఇంతకాలం నిన్ను తిట్టిన తిట్లు ఏరు సన్నాసీ. ఇప్పుడు తిట్టాల్సినవి ఏరు."

"తిట్టు."

"ఇప్పుడు ఓపిక లేదు."

నజీమా మంచినీళ్ళు తెప్పించింది. అప్పయ్యమ్మ సగం తాగి, గ్లాసు సన్యాసి పక్కన నేల మీద పెట్టింది. కాసేపటికి అతను మిగిలిన నీళ్ళు తాగాడు.

*

మే 26న గౌరి, అప్పయ్యమ్మ కలిసి జిల్లా కార్యాలయానికి దరఖాస్తు పెట్టారు. 2009 నివేదికని సరిచెయ్యాలని అడిగారు. రికార్డింగు, కొలతలు, నజీమా సంతకం జతచేశారు. గేటు రిజిస్టరు నకలు కావాలని సమాచార హక్కు కింద ఇంకో దరఖాస్తు పెట్టారు.

రెండో దానికి జవాబు ముందు వచ్చింది. పదేళ్ళు దాటిన రిజిస్టర్లు నిబంధన ప్రకారం తగలబెట్టారు. ఆ రోజు డ్యూటీలో ఉన్న గేటు ఆపరేటరు 2017లో చనిపోయాడు.

మొదటి దానికి జులై 28న వచ్చింది. ఒకటిన్నర పేజీ. సారాంశం రెండు వాక్యాలు. పరికరం ఆ పొరని చదువుతూనే చెరిపేసింది కాబట్టి మరొకరు పరీక్షించి నిర్ధారించే వీలు లేదు. అందువల్ల నివేదికని మార్చడం సాధ్యం కాదు.

నజీమా పరిశోధన పత్రం తిరిగొచ్చింది కూడా అదే కారణం మీద. ఇంకో నమూనాపై చేసి చూపించమన్నారు. ఆమె మిగతా జిల్లాల బడులకి ఉత్తరాలు రాసింది. చాలా బడుల్లో పట్టా ముక్కలు పాత ఇనుము కింద పోయాయి. జులై చివరికి ఆరు దొరికాయి.

గంగరేగువలస పట్టాలో మిగిలిన పొరలు చదవలేదు. అవి 1986 నుంచి 2009 ఆగస్టు 6 మధ్యాహ్నం దాకా ఉన్న గంటలు. ఎందుకు ఆపారని అడిగితే, "ఆ గంటల్లో చాలావరకు గౌరి వాళ్ళ నాన్న చెయ్యి ఉంది. ఉండనిద్దాం," అంది నజీమా. పత్రంలో మాత్రం "చదవలేదు" అని ఒక్క మాటే రాసింది.

పట్టాని బడికి తిరిగి ఇచ్చేశారు. తేదీ అప్పయ్యమ్మ చెప్పింది.

ఆగస్టు 6, బుధవారం. ఎలక్ట్రిక్ గంట స్విచ్చి ఆపారు. వెనక వరండాలో పాత కొక్కేనికే పట్టాని వేలాడదీశారు. గౌరి టేపు పెట్టి కొలిచి, కూతురి దెబ్బలు పడ్డచోట సుద్దతో గీత గీసింది. అప్పయ్యమ్మ గీత ముందు నిలబడి చెయ్యెత్తి చూసుకుంది.

"ఇంత పొడుగే," అంది.

హెడ్మాస్టరు గదిలో గోడ గడియారం 4 గంటల 15 నిమిషాలు చూపించినప్పుడు ఆమె కొట్టింది. తర్వాత చువ్వని సన్యాసి వైపు చాపింది. అతను తీసుకోడానికి కొంతసేపు పట్టింది.

మొత్తం రెండు దెబ్బలు పడ్డాయి. మొదటిది సుద్ద గీత మీద. రెండోది దానికి పదకొండు సెంటీమీటర్లు పైన.